ఉపయోగం తెలియదు

వారమంత ఆర్టీసీ బస్సుల టికెట్లు కొడత.
ఆదివారం, సెలవు నాడు,
దేవరకద్ర దాటి ఎర్రమట్టి బాట పట్టి
దొరగారి మామిడితోటల
కదలని రైలుకు టికెట్లు కొడత.
మా డిపోల నవ్వుతరు.
నవ్వనియ్యి.

ఇంజను లేదు మాకు.
పిల్లలు అలగకముందే ఆ మాట చెప్పేస్త.
ఉన్నదల్ల ఒక గార్డు పెట్టె,
ఒక తోపుడు ట్రాలీ,
నూట ఎనభై గజాల మీటర్ గేజి పట్టా.
ఒకప్పుడు పల్లికాయ బస్తాలు
తోట నుంచి టేషనుకు పోయిన దారి.
పెద్దలైను పడ్డంక చిన్నలైను పీకేసిన్రు,
ఈ ముక్కను మరిచిపోయిన్రు.
ఆ మరుపే మా మ్యూజియానికి మొదటి చందా.
దొర మనుమడు ఏడాదికి రూపాయి కిరాయి అన్నడు,
ఆ రూపాయికి రసీదు గూడ రాసిస్తడు,
కింద సంతకం, పైన తేదీ.

జహంగీర్ సాబ్ పాయింట్స్‌మన్‌గ దిగిపోయి ఇరవై రెండేండ్లు.
దీపం వత్తి కత్తిరించేటప్పుడు
ఇప్పటికీ ఎవరితోని మాట్లాడడు.
గ్యాంగ్‌మన్ రాజరత్నం
పట్టా మీద సుత్తి కొట్టి, వంగి, చెవి పెట్టి
"దీనికి జలుబు చేసింది" అంటడు.
వీరాచారి గార్డు పెట్టెల
చెదలు తిన్న చోటల్ల కొత్త టేకు అతికి
పాత రంగే వేసిండు.
ఏది పాతదో ఏది కొత్తదో
ఇప్పుడు ఆయనకే తెల్వదు.

షెడ్డుల బల్ల మీద సామాన్లు,
ఒక్కోదాని ముందట అట్టముక్క, నా చేతిరాత:
టోకెన్ గోళం.
చేతిదీపం, మూడు రంగులది.
అట్ట టికెట్లు, మూడో తరగతి, మహబూబ్‌నగర్ నుంచి గద్వాల.
చివరికి ఒక ఇనుప కడియం,
చిన్న పిడి, నిండ తుప్పు.
దీపం తగిలించేదని జహంగీర్ సాబ్,
కాదు, గొలుసు కొసదని వీరాచారి.
రాజరత్నం కొలువుల చేరేనాటికే
కంకర మిషన్ల నుంచి లారీల వచ్చేది, ఆయనా ఎరగడు.
నెల రోజులు కొట్లాడి, ఆఖరుకు రాసిన:
ఉపయోగం తెలియదు.

సీతాఫలాల కాలంల ఒక ముసలామె వచ్చింది,
మనుమరాలిని ఎంబడేసుకొని.
ఒడ్డెరోళ్ళ ఈదమ్మ.
"కదలని బండికి ఐదు రూపాయలా?" అని
గీసి గీసి మూడు చేసింది.
గార్డు పెట్టె ఎక్కలే,
దీపం దిక్కు చూడలే,
సక్కగ కడియం కాడికి పోయి చేతిలకు తీసుకున్నది.
"ముట్టరాదు" అని గూడ రాసిపెట్టిన నేను.
ఆమెకు సదువు రాదు,
నాకు నోరు రాలే.

పట్టాల నడుమ గొంతుక్కూసొని
ఒక కంకర రాయి ఏరి
కడియంల నుంచి జారిడిచింది.
టక్.
ఇంకోటి.
టక్.
మూడోది ఇరుక్కున్నది.

"గిది మాయమ్మ కొట్టింది కాదు" అన్నది.
"ఇరుక్కుంటె పైసలు లేవు.
ఒక్క రాయి ఇరుక్కుంటె
మేస్త్రి గంపంత తిప్పిపోసేటోడు.
మాయమ్మది ఒక్కటి ఇరుక్కోకపోతుండె.
నేను ఆ కుప్ప పక్కనే,
గోనెసంచి ఉయ్యాలల."

రాజరత్నం
కంకర మీదున్న కాలు తీసి పక్కకు పెట్టిండు.

ఆమె ఆ మూడో రాయిని వేలితోని పొడిసి ఊడదీసి
దూరం ఇసిరింది,
లెక్క రాసేటోడు ఇంకా అక్కడనే నిలబడ్డట్టు.
"ఇంజనేది?" అని మనుమరాలు అడిగింది.
చెప్పుడు మరిచిన ఆ పొద్దు.

వాళ్ళు పోయినంక అట్టముక్క తిరగేసి రాసిన:
కంకర కొలిచే కడియం.
దాని కింద, కొట్టినవారు, అని రాసి ఆగిన.
తల్లి పేరు అడగలే.
యాడికి పోవాలె అని అడుగుడే అలవాటు నాకు,
ఎవరి బిడ్డవని ఎన్నడడిగిన?

ఆ గీత మీద జాగ అట్లనే ఉన్నది.
సోమవారం నుంచి
చిల్లర తీసుకునేటప్పుడు
ముసలమ్మల వేళ్ళు చూస్తున్న.