సున్నా టికెట్

చిత్తూరు నుంచి తిరపతికి
పొద్దున అయిదున్నర బస్సు నాది.
పూతలపట్టు దాటేలోగా
నా వేళ్ళ పొట్టు టికెట్ల మిషను మీద
ఉల్లిపొర మాదిరి రాలుతుంది.
ఊదేస్తాను.
పన్నెండేళ్ళ సర్వీసులో బాగా నేర్చుకున్న పని అదే,
ఎవరూ చూడకముందే ఊదడం.

"చిల్లర సీటు మీద పెట్టమ్మా" అంటారు.
కొందరు టికెట్టు కొసన మాత్రమే,
మిరపకాయ తొడిమె పట్టినట్టు పడతారు.
అంటుకునేది కాదబ్బా అని చెప్పీ చెప్పీ
ఇప్పుడు చెప్పను.
పాకాల క్రాసు, పాకాల క్రాసు.
అంతవరకే నా గొంతు.

మా నాయనకూ ఇదే.
గంధకం, కానుగ నూనె, మూణ్ణెల్లు ఉప్పులేని కూడు.
పెండ్లి పందిట్లో చేతులు జేబుల్లో పెట్టుకుని
అక్షింతలు వెయ్యకుండానే
దీవించి వచ్చేవాడు.

పెద్దాసుపత్రి చర్మాల ఓపీలో
డాక్టరమ్మ షమీమా అడిగింది:
కొత్త పూత మందు, ఇంకా పరీక్షలోనే ఉండాది, వస్తావా?
పదహారు పేజీల కాగితం, తెలుగులోనే.
"మీకు మేలు జరగకపోవచ్చు" అని
మూడు చోట్ల రాసినారు.
ఇంత నిజం చెప్పిన మందు కాగితం
నేనింతవరకూ చూడలేదు.
"ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చు"
అదీ ఉండాది, అడిగిన చోట బస్సు ఆపినట్టు.

"ఎలకల మీద చేసేది నీ మీద చేస్తారా" అన్నాడు మా ఆయన.
ఎలకలు అయిపోయినాయంట, ఇప్పుడు మన వంతంట అన్నాను.
నవ్వలేదు.
ఆ రాత్రి కాగితమంతా వేలుపెట్టి చదువుతా
పదకొండో పేజీ కాడ నిద్దరపోయినాడు.
పొద్దున్నే సంతకం పెట్టినాను.

ముందు నాలుగు వారాలు పాత మందులన్నీ ఆపమన్నారు.
ఆ నాలుగు వారాల సంగతి అడగొద్దు.
అయిదు రూపాయల బిళ్ళ పట్టుకుంటే
అంచు అరచేతి బీటలో దిగేది.

తర్వాత ట్యూబు. తెల్లది.
పేరు లేదు, నంబరుండాది: ముప్పై ఏడు.
సగం మందికి మందు, సగం మందికి ఉత్త పూత.
ఎవరిదేదో నాకు తెలీదు, డాక్టరమ్మకీ తెలీదు.
"నాది ఉత్తదే అయితే?"
"అయినా నువ్వు లెక్కలో ఉంటావు."

ఆ మాట మధ్యాహ్నం ట్రిప్పులో అర్థమయింది.
చంద్రగిరిలో ఆడోళ్ళు ఇరవైమంది ఎక్కినారు.
"దుడ్లు లేనిదానికి టికెట్టు ఎందుకుమే" అంది ఒకామె,
టమాటా గంప కాళ్ళ సందున ఇరికించుకుంటా.
కొట్టకపోతే నువ్వు బస్సులో లేనట్టేక్కా అన్నాను,
సున్నా అయినా కొట్టాల.
ఈ సున్నాలన్నీ కూడితేనే
రేపు ఈ దోవన ఇంకో బస్సు.
చెప్పి, నా మాట నాకే వినబడి,
తరవాతి స్టేజీ పేరు అరవడం మరిచిపోయినాను.

దురద ఎంత, సున్నా నుంచి పది దాకా?
డైరీలో రోజూ ఒక అంకె.
ఆరు. ఏడు. ఆరు. మరిది పెండ్లినాడు తొమ్మిది.
ఒకరోజు నాలుగు వేసి, ఆశపడి వేసినానేమోనని
కొట్టేసి అయిదు వేసినాను.

ఆసుపత్రి వరండాలో చెంగల్రాయుడు,
గ్రానైటు పాలిషు పని, ముప్పై ఎనిమిదో నంబరు.
వాడి మోచేతులు వాడు పాలిషు పట్టిన బండల్లాగా తేలినాయి.
ట్యూబులు పక్కపక్కన పెట్టి చూసినాం.
ఒకే తెలుపు, ఒకే వాసన.
"మార్చుకుందామాక్కా" అన్నాడు తమాషాకి.
నాకు మాత్రం క్షణంసేపు అది తమాషా కాలేదు.
నా ట్యూబు సంచిలో వేసి జిప్పు లాగినాను.

పదహారు వారాలు నిండినాయి.
ఖాళీ ట్యూబులు తూకం వేసి తీసుకున్నారు.
కవరు విప్పేది వచ్చే ఏడంట.
నా కుడిచెయ్యి కొంచెం తేలింది, ఎడమది అట్లనే ఉండాది.
ఒకే మనిషి, ఒకే ట్యూబు.
దీనికేం చెప్తారో.

నిన్న పూతలపట్టులో ఒక పిల్ల ఎక్కింది,
ఇస్కూలు బట్టలు, మే నెల మాదిరి ఎండలో నిండు చేతుల స్వెట్టరు.
టికెట్టుకు చెయ్యి చాపి సగంలో ఆపింది.
నా వేళ్ళు చూసి కాదు,
తన వేళ్ళు నేను చూస్తానని.

మిషను మీద పొట్టు అట్లనే ఉండాది.
ఊదలేదు.
గట్టిగా పట్టుకో మే, అన్నాను,
దిగేదాకా ఉండాల ఇది.