తెర మీద నా యాస

హన్మకొండల మా బడికి
దసరా సెలవులైనంక పెద్ద తెర వచ్చింది.
గోడకు మేకులు కొట్టి బిగిచ్చిన పిల్లగాడు
"మీరు మాట్లాడితే సాలు సార్,
అదే రాసి సూపిస్తది" అన్నడు.

పదకొండేండ్ల సంది
సాక్‌పీసు, వేళ్లు, మొఖం,
ఈ మూడిటి మీదనే బతికినోణ్ని.
పిల్లల దిక్కు తిరిగితే బోర్డు ఖాళీ.
బోర్డు దిక్కు తిరిగితే
నా వీపుతోటి వాళ్లకేం పని?
రెండు దిక్కులా ఒక్కసారే ఉండొచ్చంటె
సంబురమే అయింది, అబద్ధమెందుకు.

ఎనిమిదో తరగతి. పన్నెండు మంది.
మైకు అంగీకి తగిలిచ్చుకొని
గొంతు సవరిచ్చుకొని
"ఇగ సూడుండ్రి" అన్న.

తెర మీద పడ్డది:
ఈగ చూడండి.

పన్నెండు తలకాయలు
కప్పు దిక్కు, కిటికీ దిక్కు,
టిఫిను డబ్బాల దిక్కు తిరిగినయ్.
మొగిలి బెంచీ కిందికి వంగి ఎతికిండు.
గుగులోతు నీల లేచి
ఏదీ? అని రెండు అరచేతులు తిప్పింది.

నాకు సమజయ్యేసరికే
నీల నాకు కొత్త పేరు పెట్టేసింది.
ఇన్నేండ్లు నా పేరు గదుమ మీది పుట్టుమచ్చ,
వేలుతోటి ఆడ తడితే నేనే.
ఇప్పుడు రెండు వేళ్లు కలిపి
గాల్లె వంకరటింకర ఎగిరిచ్చి
ముక్కు మీద వాలుస్తరు.
గది నేను.

పరకాలల పుట్టిన నోరు నాది.
ట్రెయినింగు కాలేజీల ఓ మేడం
"తెలుగులో చెప్పండి" అన్నది,
నేను తెలుగులనే చెప్తుంటె.
ఈ తెర గూడ గంతే.
గింతను గీత చేసింది,
మల్లను మల్లె చేసింది,
బువ్వను పువ్వు చేసి పెట్టింది.
కోపమొచ్చింది. ఎవరి మీద జూపాలె?

నీలకైతే తకరారు ఢిల్లీతోటి.
ఆడికెల్లి వచ్చిన సైగల వీడియోల
వానకు ఆ టీచరమ్మ వేళ్లు మెత్తగ జారినయ్.
నీల తల అడ్డం ఊపింది.
మా తండాల గిట్ల పడదు అని
రెండు పిడికిళ్లు విప్పుకుంట బల్ల మీదికి దించింది.
మిరప కల్లంల పడ్డ వాన,
నాయిన టార్పాలిన్ పట్టుకొని ఉరికిన వాన.
ట్యాబుల ఆ చేతులను పట్టుకొని
ఫైలుకు పేరు పెట్టిన:
వాన, నీల, నర్సంపేట దిక్కు.

ఆ వారం పాఠం ధ్వని.
నవ్వకుండ్రి, పుస్తకంల ఉన్నది.
స్పీకరు మీద పళ్లెం, పళ్లెంల ఇసుక.
ఇసుక లేచి ముగ్గులు పోస్తుంటె
కొంరెల్లి బల్లకు చెంప ఆనిచ్చి
కండ్లు మూసుకున్నడు.
కాజీపేట దిక్కు బండి పోతున్నదని
రోజూ నాకంటె ముందు
వాళ్ల మోచేతులకే తెలుస్తది.
వినుడు అంటె ఏందో
నేను చెప్పబోయిన మాట నోట్లెనే ఉండిపోయింది.

గప్పుడే రేకుల మీద వాన.
జల్లు కొడుతున్నదని కిటికీలు మూసినం.
తెర రాసింది:
చప్పట్లు.

ఎవరికి? అన్నడు సర్వర్ పాషా.
నీల లేచి నడుం వంచి దండం పెట్టింది.
ఇగ పన్నెండు మంది చేతులు పైకెత్తి
వేళ్లు ఆడిచ్చిండ్రు.
మా బడిల చప్పట్లంటె గవి,
పత్తి చేన్లకు గాలి సొచ్చినట్టుంటయ్.
నేను తెర దిక్కు సూసిన.
ఏం రాయలే.
నిలువు గీత ఒక్కటే
మినుకు మినుకుమంటున్నది.

గంతల్నే కరెంటు పోయింది.

వేరే బడుల చీకటైతే సూపు పోతది.
మా బడిల మాట పోతది.
అలవాటు మీద "ఇగ సూడుండ్రి" అన్న.
ఆ మాట ఎవ్వరికీ అందలే,
దాన్ని దిద్దెటోళ్లు గూడ లేరు.
మొగిలి తడుముకుంట వచ్చి
నా జేబుల ఫోను గుంజి టార్చి ఏసిండు.
ముందుగాల నా చేతుల మీద,
తర్వాత నీల దిక్కు.

నల్లబడ్డ తెర మీద
తాటికాయంత ఈగ నీడొకటి
వంకరటింకర ఎగిరి
వాలింది.