ఎవరి వద్ద

చేతులు తుడుచుకుని తెరువు, లోరెంట్స్.
ఈ పద్దుల పుస్తకానికి మరకలు చాలానే ఉన్నాయి,
నీ వంతు మరక తొందరపడి వేయకు.

వైడన్‌రాయిత్‌లో పంతొమ్మిది ఇళ్లకు
బీరు కాచుకునే హక్కు ఉండేది.
పొలంతో పాటు, బావితో పాటు సంక్రమించే హక్కు.
బట్టీ అందరిది. వంతు ఒకరిది.
ఎవరి వంతు వస్తే వాళ్ల చూరుకు కర్ర నక్షత్రం వేలాడేది.
అది చూసి జనం తలుపు తోసుకుని వచ్చి
ఆ ఇంటి వంటగదిలో, ఆ పిల్లల మంచాల మీద కూచుని తాగేవారు.

మొదటి పేజీల్లో చేతిరాత మా ముత్తాత ఓట్మార్‌ది.
అక్షరాలు బస్తాలు మోసినట్టు వంగి ఉంటాయి.
"బార్లీ పద్నాలుగు బస్తాలు. వాన. తడి కట్టెలు.
అయినా పొంగింది. దేవుడు కూడా తాగుతాడేమో."

పంతొమ్మిది వందల పదిహేడు, మార్చి. ఒక్కటే వాక్యం:
"గంగాళం యుద్ధానికి వెళ్లింది."
మనుషులు వెళ్లినప్పుడు రాయలేదాయన.
రాగి వెళ్లినప్పుడు రాశాడు.
చర్చి గంటనూ దాన్నీ ఒకే బండిలో వేశారట,
రెండూ ఒకదానికొకటి తగులుకుంటూ
స్టేషన్ దాకా మోగుతూనే పోయాయట.

తర్వాత తొమ్మిదేళ్లు ఇనుప కాగు.
మేకులు నానేసిన నీళ్లలా ఉందని అందరూ తిట్టారు,
అందరూ తాగారు.
ఇరవై ఆరులో కొత్త రాగి వచ్చింది.
మొదటి గ్లాసు దించి ముసలాళ్లు మొహాలు చూసుకున్నారు.
"ఏదో తగ్గింది" అన్నారు.
తుప్పు తగ్గింది.
నాలుక దానికీ అలవాటు పడింది. ఇది గుర్తుంచుకో.

ఇప్పుడు హాప్స్ పూల వరస చూడు.
ఎంత. ఎంతకు. ఎవరి వద్ద.
ప్రతి సెప్టెంబరూ ఒకే పేరు: మాన్‌హైమర్.
తండ్రి, ఆ తర్వాత కొడుకు ఫైస్ట్.
కింద దుకాణం, పైన
శుక్రవారం సాయంత్రాలు రెండు కొవ్వొత్తులు వెలిగే కిటికీ.
ఫైస్ట్ పూలను అరచేతిలో నలిపి
ముక్కుకు కాదు, చెవికి ఆనించుకునేవాడట.
"ఎండినవి మాట్లాడతాయి, తడివి నసుగుతాయి" అనేవాడట.
మా నాయనమ్మ వాల్‌బుర్గా అప్పు పెడితే
పంట నుంచి పంటకు ఆగేవాడు.
ఇదిగో, మూడేళ్ల బాకీ, పద్దులోనే ఉంది.

ముప్పై ఎనిమిది.
హాప్స్ నలభై కిలోలు. ధర మునుపటిలో సగం.
ఎవరి వద్ద –
ఖాళీ.

ముప్పై తొమ్మిది ఖాళీ. నలభై ఖాళీ.
సిరా ఉంది. చెయ్యీ ఉంది.
గడి మాత్రం స్కేలు పెట్టి తిన్నగా గీశారు.
ఆ కిటికీలో ఎవరిదో పూలకుండీ.

చిన్నప్పుడు నాయనమ్మని అడిగాను.
"మర్చిపోయి ఉంటా" అంది,
చెంబెడు బీరు ఒలికినా తారీఖుతో చెప్పే మనిషి.
ఇంకోసారి అడిగితే గరిటె చేతికిచ్చి
"అడుగంటుతోంది, కలుపు" అంది.
నలభై ఏళ్లు కలిపాను.

ఆ ఏళ్లలో బీరు భలే కుదిరిందట. అందరూ చెప్పే మాటే.
నురగ మూరెడు లేచేదట.
నా కోపం అక్కడే.
పులిసి పాడైపోయి ఉంటే బావుండు,
ఒక్క ముసలాడైనా గ్లాసు దించి
"ఏదో తగ్గింది" అని ఉంటే బావుండు.

ఇప్పుడు మూడిళ్లే కాస్తున్నాయి.
నక్షత్రానికి కరెంటు దీపం పెట్టారు,
బస్సుల్లో వచ్చినవాళ్లు ఫొటో తీసుకుని పోతారు.
ఇదంతా కంప్యూటర్లో ఎక్కించమని నిన్ను పంపారు, మంచిదే.
ఖాళీ గడి వదిలితే ఎర్రగా మెరుస్తుందన్నావు,
ఏదో ఒకటి రాసేదాకా ముందుకు పోనివ్వదన్నావు.

అది మా అందరికంటే నయం, లోరెంట్స్.
ఏమీ రాయకు. మెరవనీ.
నేను వెళ్లి కాగు కింద కట్టెలు సర్దొస్తాను.