హాజరు పట్టీ

ఎండాడ కొండ పక్కన మా మేడలో
తెల్లారగట్ల ఐదున్నరకి సైరన్ మోగుతుంది.
సైరన్ అంటే మరేం కాదు,
కింద వంటింట్లో పప్పుకుక్కర్ మొదటి విజిల్.
కూర్మారావు గారికి అది చాలు.
లుంగీ మీద పాత బెల్టు బిగించి
వరండాలో ప్లాస్టిక్ కుర్చీ గేటుకి అడ్డంగా వేసి
ఒళ్ళో పద్దు పుస్తకం తెరుస్తారు.
మందుల కంపెనీ వాళ్ళిచ్చిన పోయినేడాది డైరీ అది.

ముప్పై రెండేళ్ళు షిప్‌యార్డులో టైమ్ కీపరు.
భార్య పేరు పోయింది.
తిన్నదీ తిననిదీ పోయింది.
బాత్రూమ్ తలుపుకి మేం పచ్చటి పసుపురంగు వేసినా
ఆ తలుపు దేనికో పోయింది.
టోకెన్ నంబర్లు మాత్రం
ఓడ అడుగున పట్టిన గుల్లల్లా వదల్లేదు.

"మూడొందల నలభై, మైలపల్లి ఎల్లాజీ!"
"ఉన్నాను బాబూ" అంటాను,
చేతిలో తడిసిన పక్కగుడ్డలతో.

నా పేరు సుగుణ. మాది ఆరిలోవ.
ఎల్లాజీ ఎవరో నాకు తెలీదు.
మొదటి వారం "నేను ఎల్లాజీని కాదండీ" అన్నాను.
ఆయన గడ్డం వణికింది.
"మరి ఎల్లాజీ ఏడీ?
క్రేను కిందకి పంపింది నేనే కదా"
అని గేటు ఊపుతూ పగలంతా ఏడ్చారు.
రెండో వారం నుంచి నేనే ఎల్లాజీని.

"వెల్డింగు సెక్షన్, కోరాడ సన్నిబాబు!"
టీచరమ్మ హైమావతి గారు చెయ్యెత్తుతారు,
ఆవిడకి ఇదంతా బడి.
"పెయింటర్ గొంప సింహాద్రి!"
జైనబ్ బీ గారు పలకరు,
దుపట్టా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టి.
ఆవిడకి గైర్హాజరు పడదు.
"నైట్ డ్యూటీ చేసొచ్చాడు, పడుకోనీ"
అని మెల్లిగా పేజీ తిప్పుతారు.

డాక్టరు గారు నెలకోసారి వస్తారు.
"ఇవాళ ఏ వారం, కూర్మారావు గారూ?"
"జీతాల రోజు కాదు."
డాక్టరు గారు కాగితం మీద సున్నా వేశారు.
నేనైతే ఒకటో రెండో మార్కులు వేద్దును.

మొన్న ఆదివారం కూతురు వచ్చింది గాజువాక నుంచి,
బస్సులో నలిగిన బత్తాయిలతో.
"నాన్నా, నేను, మణిని..."
"టోకెన్?"
యాభై దాటిన మనిషి,
గేటు అవతల అలా నిలబడిపోయింది.
ఆయన వెనక నుంచి నేను వేళ్ళు చూపించాను:
నాలుగు, ఒకటి, రెండు.
"నాలుగొందల పన్నెండు" అంది, గొంతు సరిచేసుకుని.
ఆయన చాలాసేపు వెతికారు.
డైరీలో అంకెలెక్కడివి, అన్నీ గీతలే.
"ఆలస్యం. అరపూట కోత" అన్నారు.
కుర్చీ జరిపి దారిచ్చారు.
బత్తాయి వలుస్తూ ఆవిడ నాతో అంది,
"చిన్నప్పుడు మా ఇంట్లోకీ ఇలాగే రానిచ్చేవారు."

సాయంత్రం సముద్రం గాలి తిరిగితే మాత్రం
ఏ నంబరూ పనిచెయ్యదు.
అప్పుడాయన ఎవరికీ హాజరు కారు.
చెయ్యి పట్టుకుని వరండా ఇటునుంచి అటు,
అటునుంచి ఇటు.
నలభై రెండు గచ్చుపలకలు.
లెక్కపెట్టింది నేనే.

నిన్న నాకు బదులు రావాల్సిన రత్నాలు రాలేదు.
రాత్రి మీద పగలు, పగలు మీద రాత్రి చేశాను.
ఆఫీసులో అడిగితే
"వచ్చే నెల చూద్దాం" అన్నారు,
పోయిన నెల అన్నమాటే.

పొద్దున్న చెప్పులేసుకుంటుంటే ఆయన పిలిచారు.
డైరీ నావైపు తిప్పారు.
గీత కింద గీత.
"ఎల్లాజీ, ఓటీ రాసేను. రెండు షిఫ్టులు.
శనారం వచ్చి పట్టుకెళ్ళు.
ఆ క్రేను కిందకి మాత్రం ఎళ్ళకు."

"ఎళ్ళను బాబూ" అన్నాను.
కింద కుక్కర్ రెండో విజిల్ వేసింది.