పచ్చ హెల్మెట్టు, ముప్పై ఆరు

మొన్న సముద్రంల కేబుల్ తెగితే
మూడు దినాలు కార్డు మిషన్ కన్ను తెరవలే.
షార్జా సనయ్యల మా బకాలల
కుబ్బూసు ఎండింది, పాలు పులిసినయి.

గందుకే ఈసారి ముందుగాల్నే
గల్లపెట్టెల చిల్లర దిర్హాములు,
ఇంకో కంపెనీ సిమ్ము,
తాడుకు కట్టిన పెన్ను.
ఫోన్లున్న ఉద్దెరంత నోటుబుక్కుల ఎక్కిస్తున్న:
నాలుగో రూము పొడుగాయన, నూటపన్నెండు.
గడ్డపాయన దోస్తు, తొమ్మిదిన్నర.
పచ్చ హెల్మెట్టు, ముప్పై ఆరు.

పెన్ను ఆగింది.
నాలుగేండ్ల సంది 'అన్నా' అనే పిలుస్తున్న.

రాత్రి డ్యూటీ దిగి పెరుగుకొచ్చిండు.
"అన్నా, నీ పేరేంది?"
హెల్మెట్టు చంకల పెట్టుకొని
"దూస గంగమల్లు" అన్నడు,
పాస్‌పోర్టు ఆఫీసుల చెప్పినట్టు
ఇంటిపేరు ముందుగ, నిదానంగ.

రాసిన.
గోడకు రూటరు పచ్చగ మెరుస్తనే ఉన్నది.
ముప్పై ఆరుల ఆరు కొట్టేసిన.