పదిహేడో క్లాజు

ఒప్పందం ఆఖరి పేజీలో, స్టాంపు మరక కింద
చీమలబారంత అక్షరాలతో ఒక వాక్యం ఉండింది:
ఈ కాగితానికి నెదర్లాండ్స్ చట్టం వర్తించును.
సంతకం పెట్టిననాడు ఎవరూ చదవలేదు.
"రేటు చూసినాం మేడమ్, దేశం చూళ్ళేదు"
అన్నాడు ఫ్యాక్టరీ మేనేజరు.

నాలుగు వందల డ్రమ్ముల తోతాపురి గుజ్జు
రోటర్‌డామ్ రేవులో నిలబడిపోయింది.
రంగు తగ్గిందంట. డబ్బు రాదంట.
ఇక్కడ దామలచెరువు మండీలో
చెంగల్రాయుడి చీటీ మీది బాకీ
పోయిన జూన్ నుంచి కదల్లేదు.

"వాణ్ణి కాణిపాకం పిలిపిద్దామా?
కోనేట్లో ముంచి, తడిగుడ్డల్తో
ప్రమాణం చెయ్యమందాం"
అని మా సీనియర్ గుణశేఖర్ గారు నవ్వి
ఫైలు నా బల్ల మీదికి తోసినారు.

అట్లా మొదలైంది,
గ్రీమ్స్‌పేటలో, రేకుల వరండా ఉన్న మేడగదిలో,
ఎన్నడూ చూడని దేశాన్ని
దాని తగాదాల వైపు నుంచి చదవడం.
ఆ ఊళ్ళకు పోయొచ్చినోళ్ళు
పూలతోటల ముందు దిగిన ఫోటోలు చూపిస్తారు.
నాకు తెలిసిందల్లా
సరిహద్దుకు ఎన్ని అడుగుల్లో చెట్టు నాటాలో,
పక్కింటి కొమ్మ మనవైపు వంగితే
ముందు చెప్పి చూసి, ఆనక నరకాలని,
రాలిన పండు
ఎవరి నేల మీద పడితే వాళ్ళదేనని.
ఈ ఆఖరి మాట మా పూతలపట్టులో చెబితే
రెండు తలకాయలైనా పగుల్తాయి.

భాష రాదు నాకు.
యంత్రాన్ని అడిగితే ఒకే మాటను
ఒక పేజీలో అప్పు అనింది, ఇంకో పేజీలో తప్పు అనింది.
చెడిపోయిందేమో అనుకున్నాను.
కాదు, ఆ భాషలో రెంటికీ ఒకటే మాటంట.
మనకు మాత్రం మధ్యలో
ఒక్క 'త' కాపలా ఉంది.
అప్పున్న మనిషి రోడ్డు మీద ఎదురైనప్పుడు
ఆ కాపలాదారు కూడా నిద్రపోతాడనుకో.

రాత్రి పదకొండుకు దొరికింది ఆ సూత్రం.
ఒప్పందంలో రాసినా రాయకపోయినా
ఇద్దరినీ కట్టిపడేసేది ఒకటి ఉందంట.
రేదెలిక్‌హైద్.
నాలుగుసార్లు పైకి చదివినాను.
ఎదురింటి కుక్క మొరిగింది.

రైతులకు చదివి వినిపించాలి, తెలుగులో రాయమన్నారు.
సహేతుకత, అని రాసినాను.
ఔచిత్యము. సమంజసత్వము.
గంజి పెట్టిన చొక్కాల మాదిరి
మూడూ నిటారుగా నిలబడినాయి,
ఒక్కటీ ఒంటికి పట్టలేదు.

మర్నాడు చెంగల్రాయుడు వచ్చినాడు.
కూర్చోమంటే కూర్చోలేదు.
తలుపు దగ్గరే టవల్ మడిచి విప్పుతా
"కోసేటప్పుడు బాగుండె, కాటాలో బాగుండె.
వాళ్ళు రుచి చూసిందీ బాగనే ఉండె.
ఓడెక్కినాక రంగు మారితే
నా దుడ్డు ఆపేది సబబేనా, లాయరమ్మా?"

సబబు.

మూడు మాటలూ కొట్టేసినాను.
ఇది మాత్రం ఈ మట్టిలో పుట్టిందా ఏం?
ఏ ఎడారి దాటుకునో బయల్దేరి
ఆర్కాటు కచేరీల్లో కొన్నాళ్ళు మకాం వేసి
చింతచెట్ల దారంట మా మండీలోకొచ్చి
తక్కెడ పక్కన కాపురం పెట్టిన పరదేశి.
ఎవరూ దాన్ని వీసా అడగలేదు.

నోటీసు పోయింది. జవాబు రాలేదు.
"వాళ్ళ జడ్జికి కూడా సబబనిపించల్ల కదా"
అన్నారు గుణశేఖర్ గారు, ఈసారి నవ్వకుండా.
చెంగల్రాయుడి తోట మళ్ళీ పూత పట్టింది.
మందు కొట్టడానికి కొత్త అప్పు చేసినాడు,
తప్పు చేసినట్టే తల దించుకుని చెప్పినాడు.

నిన్న రాత్రి గాలికి
పక్కింటి మామిడి కాయొకటి
దడేలుమని మా రేకుల మీద పడింది.
లైటు వేసి చూసినాను.
ఏ దేశం లెక్కన ముట్టుకోవాలో తేలక
అట్లే వదిలేసినాను.

పొద్దున్నే చూస్తే
సగం కొరికేసి ఉండింది ఉడత.