ఇటుకల లెక్క

మా చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లాలంటే
ముందు నా బల్ల దాటాలి.
ఒక కాలు విరిగితే రాయి ఎత్తుపెట్టిన స్కూలు బల్ల.
దాని మీద గీతల నోటుబుక్కు,
సగం అరిగిన పెన్సిలు,
వెనక నేను.

ఏటా తొలివానలకు ముందు ఒక ఆదివారం
మస్వింగో కొండల కింద
తెల్ల అంగీలు, ఆకుపచ్చ నడికట్లు వరసకడతాయి.
ఎవరేం నరికారో, ఎక్కడ తగలబెట్టారో
ఒక్కొక్కరూ వచ్చి ఒప్పుకుంటారు.
పేరు. చెట్టు. నాటాల్సిన మొక్కలు.
మూడు గళ్లు.
కన్నీళ్లకి గడి లేదు.

మాయి చెంజిరా: పొయ్యిలోకి రెండు ముససా కొమ్మలు.
ఏటా అవే రెండు.
కొమ్మలేనా అని నేనూ ఏటా అడగను.

కుర్రాడు తఫిరెయి: బంగారపు రజను కోసం
ఏటి ఒడ్డు తవ్వి, వేళ్లు బయటపెట్టిన అత్తిచెట్టు.
"పడిపోయిందా?"
"ఇంకా లేదక్కా. ఒరిగింది.
రాత్రుళ్లు నా వైపే ఒరుగుతోంది."

ఆ తర్వాత సెకురు మాతుర.
ఆవాల దగ్గర బతుకంతా గడిపిన మనిషి.
వేళ్ల చివర్లు ఎన్నడో కాలి నునుపెక్కాయి.
ముద్ర పడటం లేదని
పింఛను ఆఫీసు తిప్పి పంపిన వేళ్లు.

"రాయమ్మా రుదో. నలభై వేల ఇటుకలు."
"చెట్లు చెప్పు తాతా."
"చెట్లు లెక్కపెట్టలేదు.
కూలి ఇటుకలకే ఇచ్చారు, ఇటుకలే లెక్కపెట్టాను.
వెయ్యికి ఒక బండి కట్టె. నువ్వే వేసుకో."
"ఎవరి ఇంటికి?"

మాట్లాడలేదు.
చెయ్యి చాచి పక్కనున్న గోడ తట్టాడు,
ముసలి ఎద్దు వీపు తట్టినట్టు.

డప్పు ఆగిపోయింది.
కిటికీలోంచి అందరం కొండ వైపు చూశాం.
అది పుట్టు బోడి అనుకున్నాం ఇన్నాళ్లూ.
మా పిల్లల బాప్తిస్మాలు, మా పెళ్లిళ్లు,
వానల కోసం మోకాళ్లరిగేలా చేసిన ప్రార్థనలు,
అన్నీ ఆ కొండ తల గొరిగి కట్టిన నీడలోనే.

బిషప్ ముజ్వొందివా చేతికర్ర గోడకి ఆనించాడు.
ఆ ఇటుకలు పురమాయించింది ఆయనే.
వచ్చి వరస చివర నిలబడ్డాడు.
ముందుకి రమ్మని ఎవరూ అనలేదు.
తన వంతు వచ్చేదాకా ఎండలోనే ఉన్నాడు.

"పేరు?" అన్నాను. పద్ధతి పద్ధతే.
చెప్పాడు.
"చెట్టు?"
"కొండ."

పెన్సిలు కదల్లేదు.
ఆయనే అన్నాడు, ప్రసంగం గొంతుతో కాదు,
దగ్గు మందు అడిగే గొంతుతో:
"లేచిన ప్రభువుని చూసి మరియ
తోటమాలి అనుకుంది కదమ్మా,
పాపం పొరబడిందని ముప్పై ఏళ్లు చెప్పాను.
పొరబడింది నేనేమో."

ఆ రోజు రొట్టె ఒక చేత్తో తీసుకుని
రెండో చేత్తో మొక్క పట్టుకుని కొండెక్కాం.
నాలుక మీద ద్రాక్షరసం పులుపు,
గోళ్లలో ఎర్రమట్టి.
మూడు వందల పన్నెండు నాటాం.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది.
మేకలు తమ వాటా తాము తీసుకున్నాయి,
చెదలు తమది.
మాయి చెంజిరా మేకలూ అందులో ఉన్నాయి,
అది ఈసారి ఆవిడే చెప్పింది, అడక్కుండానే.

ఇప్పుడు నోటుబుక్కులో నాలుగో గడి గీశాను:
బతికినవి.
నలభై ఒకటి అని రాశాను.
చెరపడానికి వీలుగా పెన్సిలుతోనే.

పొద్దున్నే రంగు డబ్బాలో నీళ్లు మోసుకుని
సెకురు మాతుర కొండెక్కుతాడు.
వేళ్లకి స్పర్శ లేదు కనక
వంగి, ప్రతి ఆకునీ చెంపకి ఆనించి చూస్తాడు.
చల్లగా తగిలితే
కిందికి వచ్చి నాకు అంకె చెప్తాడు.
ఒక్కోరోజు నలభై రెండంటాడు.
నేను దిద్దను.